జుట్టుపోలిగాడు భయపెడితే

భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం, శివరాత్రికి కోటిపల్లి, ద్రాక్షారామం. గోదావరి పాయల మధ్య ఊళ్లకి చలి వెళ్లే రోజులంటే తీర్థాల రోజులే. పగలంతా జీళ్లు, ఖర్జూరాలు, రంగులరాట్నం. చీకటి పడి అన్నాలు తినేశాక చాపలు చంకన పెట్టుకుని జనం బొమ్మలాట తెర ముందు చేరేవారు. కాకినాడ పక్కనున్న మాధవపట్నం బొమ్మలాటవాళ్లకి పెద్ద పేరు. తోలు పల్చగా గీకి, రంగులద్ది, వెదురు బద్దకి కట్టిన బొమ్మలు కొన్ని మనిషెత్తు ఉండేవి. తెల్లవార్లూ రామాయణం. అందులో వాల్మీకికి తెలియని ఇద్దరు, జుట్టుపోలిగాడూ బంగారక్కా, ఎక్కడ పడితే అక్కడ దూరిపోయేవారు. వాళ్ల సరసాలు ఇక్కడ రాయడానికి వీల్లేనివి గానీ, అర్ధరాత్రి దాటాక కూడా జనం మేలుకుని ఉన్నారంటే సగం వాళ్ల చలవే.

తెర వెనక్కి తొంగిచూసిన పిల్లలకి ఇంకో సంగతి తెలిసేది. పోలిగాడికి గొంతిచ్చి ముందు వరసని పడీపడీ నవ్వించిన మనిషే, కాసేపాగి రాక్షసుడి బొమ్మ చేతిలోకి తీసుకునేవాడు. బొమ్మని తెరకి ఆనించి పట్టుకుంటే గీతలు, రంగులు స్పష్టంగా కనపడతాయి. అదే బొమ్మని దీపం వైపు మెల్లగా వెనక్కి జరిపితే నీడ పెద్దదవుతుంది, అంచులు చెదురుతాయి. అది ఏమిటో తెలియదు గానీ పెరుగుతోందని మాత్రం తెలుస్తుంది. పిల్లలు అమ్మ కొంగు పట్టుకునేది అక్కడే. ఉన్నట్టుండి బొమ్మ మళ్లీ తెరకి చప్పున ఆనేది, కింద చెక్క మీద కాలితో ఠప్పుమని ఒక దెబ్బ. జరపడం తొందరైతే నీడ పెరిగినట్టుండదు, వెలుగు ఆరిపోయినట్టుంటుంది. మరీ నెమ్మదైతే వెనక వరసల్లో మాటలు మొదలవుతాయి. మబ్బు పట్టి తోలు చెమ్మెక్కిందా, బొమ్మ వంకర తిరిగి తెరకి సరిగ్గా ఆనదు, రావణుడి తల పక్కకి వాలిపోతుంది. భయపెట్టవలసిన చోట నవ్వు.

ఇదంతా ఎందుకు గుర్తుకొచ్చిందంటే, అమెరికాలో ఒకాయన కూడా ముందు బొమ్మలాడిద్దామనే అనుకున్నాడండి. జోర్డన్ పీల్. 1979లో న్యూయార్క్‌లో పుట్టాడు. తల్లి తెల్లజాతి, తండ్రి నల్లజాతి, పెంచింది తల్లే. సారా లారెన్స్ కాలేజీలో చేరింది బొమ్మలాట నేర్చుకుందామని. రెండేళ్లకే చదువు వదిలేసి హాస్యంలో పడ్డాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో బూమ్ షికాగో, షికాగోలో సెకండ్ సిటీ అనే హాస్య బృందాలు. రెండింటా పునాది ఒకటే: రాసుకున్న పాఠం లేకుండా, జనం ముఖాలు చూసి అప్పటికప్పుడు అల్లడం.

2003లో మ్యాడ్ టీవీ అనే హాస్య కార్యక్రమంలో చోటు కోసం పరీక్షకి వెళితే అక్కడ ఇంకో హాస్యనటుడు కీగన్-మైకేల్ కీ కనిపించాడు. ఇద్దరూ ఒకే చోటుకి పోటీ. వాళ్ల మధ్య పొత్తు కుదిరిన తీరు చూసి ఇద్దరినీ తీసుకున్నారు. అక్కణ్నుంచి ఇద్దరి పేర్లతోనే కీ అండ్ పీల్ అనే టీవీ నవ్వుల కార్యక్రమం: 2012 జనవరి నుంచి 2015 సెప్టెంబరు దాకా అయిదు విడతలు, 53 భాగాలు.

మన వైపుకి అవి ఆలస్యంగా వచ్చాయి. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా నీళ్లలా పారడం మొదలెట్టాక, అమలాపురం బస్టాండులోనూ భీమవరం కాలేజీ గట్ల మీదా తలలు వంచుకుని నవ్వుకునే కుర్రాళ్లు తయారయ్యారు. ఇంగ్లీషు సగమే అర్థమైనా నవ్వొచ్చే తునక ఒకటుంది, సెలవులో వెళ్లిన టీచరు బదులు వచ్చిన మాష్టారిది. నల్లవాళ్ల బళ్లలో ఇరవయ్యేళ్లు పాఠాలు చెప్పి వచ్చాడు. ఇప్పుడు తెల్లపిల్లల క్లాసులో హాజరు పిలుస్తున్నాడు. జాక్వెలిన్‌ని 'జే-క్వెలిన్' అంటాడు. బ్లేక్ 'బలాకే' అవుతాడు. డెనీస్ 'డీ-నైస్'. ఆరన్ దగ్గరికొచ్చేసరికి 'ఏ-ఏరన్'. పిల్లలు దిద్దబోతే ఎదురుచెబుతున్నారని మండిపడతాడు.

దీన్ని విప్పి చూస్తే పని తెలుస్తుంది. మొదటి పేరు నియమం చెబుతుంది. రెండోది పొరపాటు కాదని రుజువు చేస్తుంది. మూడోదానికి కోపం ఒక మెట్టెక్కి చేతిలో పలక విరుగుతుంది. నాలుగోదానికి కుర్రాణ్ని ప్రిన్సిపాల్ దగ్గరికి తరిమేస్తాడు. ఇక ఎక్కడానికి మెట్టు లేదు. అయిదోది కూడా అదే దారినపోతే నవ్వు చచ్చిపోతుంది. అందుకని అయిదో పేరు 'టిమ్-ఓ-థీ'కి క్లాసులో ఉన్న నల్ల కుర్రాడు ఒక్కడూ ఏ ఆశ్చర్యమూ లేకుండా 'ప్రీ-జెంట్' అని అదే యాసలో పలుకుతాడు. ఆ కుర్రాడే పీల్. ఒక్క మాట. నాలుగు పేర్లు కట్టిన గోడని ఒక్క మాట తిరగేసింది.

ఆ కార్యక్రమంలో ఇంకో మంచి అలవాటుంది. దర్శకుడు పీటర్ అటెన్సియో ఒక్కో తునకని దాని జాతి సినిమాలాగే తీసేవాడు. శవాలు లేచొచ్చే తునకకి నిజమైన భయం సినిమా వెలుగే పెట్టాడు. ఆ శవాలు ఊళ్లో అందరినీ కొరుకుతూ ఈ ఇద్దరు నల్లవాళ్ల దగ్గరకొచ్చేసరికి మాత్రం తప్పుకుని పోతాయి, కారు తలుపు గడియ పెట్టుకుంటాయి! వెలుగు నవ్వులాట వెలుగైతే ఆ నవ్వు రాదు. ఇక్కడే పీల్ సగం హారర్ నేర్చేసుకున్నాడని మా లెక్క.

అందుకే 2017 ఫిబ్రవరి 24న పీల్ తీసిన హారర్ సినిమా గెట్ అవుట్ వచ్చి, 'తీసింది ఆ నవ్వించేవాడా?' అని లోకం నోరెళ్లబెట్టినప్పుడు, బొమ్మలాట తెర వెనక్కి వెళ్లొచ్చినవాళ్లకి అంత ఆశ్చర్యం వేయాల్సిన పని లేదు.

సినిమా కొలతలు చూడండి. ఖర్చు 45 లక్షల డాలర్లు. హాలీవుడ్ లెక్కలో చిల్లర. అలబామాలోని ఫెయిర్‌హోప్, మొబీల్ వైపు 23 రోజుల్లో చుట్టేశారు. నిడివి 104 నిమిషాలు. వసూళ్లు ప్రపంచమంతా కలిపి సుమారు 25.5 కోట్ల డాలర్లు. తక్కువ డబ్బులో తీసిన సినిమా అని తెలియనివ్వకుండా చేసింది ఒకే ఒక తెలివి: కథలో ముప్పాతిక వంతు ఒక్క ఇల్లు, దాని చుట్టూ తోట. ఇల్లు మారకపోతే సామాను మారదు, దీపాలు కదలవు, రోజుకి తీసే షాట్లు పెరుగుతాయి. కానీ ఒకే ఇంట్లో ప్రేక్షకుడికి విసుగు పుట్టకూడదంటే ప్రతి గదికీ ఒక అనుమానం అంటించాలి. నేలమాళిగ ఎందుకు మూశారు? నల్లబూజు పట్టిందిట. చూసేవాడు నవ్వి ఊరుకుంటాడు. తర్వాత నవ్వడు.

కథ గోదావరి వాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. కొత్త అల్లుడు మొదటిసారి అత్తారింటికి వెళ్లాడు, అంతే. మన దగ్గర సంక్రాంతికి అల్లుణ్ని పీటల మీద కూర్చోబెట్టి, పూతరేకుల దగ్గర్నుంచి కోడికూర దాకా తినిపించి, ఇంకొంచెం ఇంకొంచెం అని ఊపిరాడకుండా చేస్తారే, ఆ మర్యాద వెనక వేరే లెక్క ఉంటే ఎలా ఉంటుంది? క్రిస్ నల్ల కుర్రాడు, ఫొటోగ్రాఫరు. పిల్ల తెల్లది. మామగారు ఒబామాకి మూడోసారి కూడా ఓటేసేవాణ్నంటాడు. అందరూ మంచివాళ్లే. భుజాలు తడుముతారు, కండలు మెచ్చుకుంటారు. తోటలో చేరిన అతిథులు తంబోలా కార్డులు పట్టుకుని ఆడుతున్నట్టే కూర్చుంటారు, మాటామంతీ ఉండదు. అది ఆట కాదు, క్రిస్ ఒంటికి వేలంపాట. బానిసల సంతలు నడిచిన దేశంలో తీసిన సినిమా అది. మన అల్లుడి పోలిక ఇంటి గడప దాకా తీసుకెళుతుంది, లోపల ఉన్నది వాళ్ల చరిత్రే.

హాస్యగాడి చెయ్యి ఎక్కడుందో ఒక్క రాత్రి చూస్తే చాలు. ఇల్లు చూపించేటప్పుడు మామగారు గోడ మీద ఫొటో చూపించి, మా నాన్న 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కి అర్హత పోటీలో నల్లజాతి పరుగువీరుడు జెస్సీ ఓవెన్స్ చేతిలో ఓడిపోయాడని చెబుతాడు. పాపం అంటాడు క్రిస్. దాదాపు మరిచిపోయాడులే, అంటాడు మామగారు. చిన్న చతురు. హాల్లో ఒక సన్న నవ్వు. అయిపోయిందనుకుంటాం.

ఆ రాత్రి క్రిస్ సిగరెట్టు కోసం బయటికొస్తాడు. చీకట్లోంచి ఆ ఇంటి పనివాడు వాల్టర్ పరిగెత్తుకొస్తుంటాడు, తిన్నగా క్రిస్ మీదికే. చేతులు పలకల్లా నిటారుగా, అడుగు అడుగుకీ సమంగా, పందెంలో పరుగెత్తేవాడిలా. ఢీకొడతాడనుకున్న క్షణంలో పక్కకి తిరిగి చీకట్లోకే పోతాడు. అప్పుడు ఎందుకో తెలియదు. ఆఖరి అరగంటలో, వాల్టర్ ఒంట్లో ఉన్నది మామగారి తండ్రి మెదడని తెలిశాక, ఆ 'దాదాపు' అన్న మాట వెనక్కొచ్చి వెన్నులో దిగుతుంది. ముసలాయన ఇంకా ఓవెన్స్‌తో పరిగెడుతూనే ఉన్నాడన్న మాట! 'టిమ్-ఓ-థీ'లో వాడిన పనిముట్టే ఇదీ. ముందు నవ్వుగా నాటి, తర్వాత భయంగా కోశాడు. రెండింటి మధ్యా దూరం గంటకి పైనే ఉంచడం లెక్క. తక్కువైతే పసిగట్టేస్తాం, ఇంకా సాగితే మరిచిపోతాం.

అదే రాత్రి టీ కప్పు. అత్తగారు ఎదురుగా కూర్చుని టీలో చెంచా తిప్పుతుంది. పింగాణీ మీద చెంచా గీరుకునే చప్పుడు, అంతే, వెనక పెద్ద సంగీతం లేదు. మాటలన్నీ మెత్తటివి. మీ అమ్మ పోయిన రోజు నువ్వెక్కడున్నావు? టీవీ చూస్తున్నాను. బయట ఏమిటి? వాన. క్రిస్ వేళ్లు కుర్చీ చేతుల్ని గోళ్లతో గీకుతుంటాయి, చిన్నప్పుడు ఆ రాత్రి మంచం దగ్గర గీకినట్టే. కెమెరా దగ్గరకొస్తుంది గానీ వస్తున్నట్టు తెలియదు. కళ్లు పెద్దవై, నీళ్లు జారి, ఒళ్లు కదలదు. నేలలోకి దిగిపో, అంటుంది. కుర్చీలోంచి చీకట్లోకి పడిపోతాడు. పైన ఎక్కడో గది కనపడుతుంటుంది, దూరంగా, చిన్న టీవీ తెరంత. ఏ టీవీ చూస్తూ తల్లి కోసం కదల్లేదో, శిక్ష కూడా ఆ టీవీ ఆకారంలోనే.

ఆ పాతాళం అంతా కంప్యూటరు మాయ కాదు. నటుడు డేనియల్ కలూయాని తీగలకి వేలాడదీసి, నల్లటి వెనకతెర ముందు నెమ్మదిగా తేలుతున్నట్టు తీశారు. నల్లగుడ్డ, తీగ, దీపం. బొమ్మలాట సామానే.

ఇక కుర్చీ గీకుడు. చివర్లో క్రిస్‌ని తోలుకుర్చీకి కట్టేస్తారు, చెంచా చప్పుడు టీవీలో వేస్తారు. గీకీ గీకీ కుర్చీ చెయ్యి చిరిగి దూది బయటికొస్తుంది. ఆ దూదే చెవుల్లో కుక్కుకుని బయటపడతాడు. తాతముత్తాతల చేత బానిసలుగా ఏరించిన పత్తి మనవణ్ని కాపాడింది. దీని మీద ఒక్క డైలాగూ లేదు. మనవాళ్లయితే కనీసం ఒక ఫ్లాష్‌బ్యాక్, ఒక పాట బిట్టు పెట్టి ఉండేవారు.

ముగింపు సంగతి చెప్పకపోతే హాస్యం పట్ల అన్యాయమే. ముందు తీసిన ముగింపులో పోలీసులు నిజంగానే వస్తారు, రక్తంలో ఉన్న నల్ల కుర్రాణ్ని జైల్లో వేస్తారు. జనానికి చూపించి చూశారు. హాలు కుంగిపోయింది. నూరు నిమిషాలు బిగబట్టిన ఊపిరి వదిలే చోటు లేకపోతే మనిషి సినిమా మీద కోపం తెచ్చుకుని బయటికెళతాడు. అప్పుడు మార్చారు. ఎరుపు, నీలం దీపాలు అలాగే ఉంచారు. జనం గుండె ఒక్కసారి జారుతుంది. కారు తలుపు తెరుచుకుంటే దాని మీద 'ఎయిర్‌పోర్ట్' అని రాసుంటుంది. దిగింది విమానాశ్రయం భద్రతా ఉద్యోగి రాడ్, క్రిస్ స్నేహితుడు. సినిమా అంతా పిచ్చి అనుమానాలు చెప్పి నవ్వించినవాడు, పోలీసుల చేత కూడా నవ్వించుకున్నవాడు. పోలిగాడు తెర మీదికొచ్చి రాముణ్ని ఇంటికి తీసుకెళ్లాడు. జైలు దీపాల భయం ఎక్కడికీ పోలేదు, కారు తలుపు తెరుచుకునే దాకా హాల్లోనే ఉంది. ఆ భయం తెలిసినవాళ్లకి ఆ రెండు సెకన్లు చాలు.

2018 మార్చి 4న ఒరిజినల్ స్క్రీన్‌ప్లేకి ఆస్కార్. ఆ విభాగంలో గెలిచిన మొదటి నల్లజాతి రచయిత. దానికి ముందు గోల్డెన్ గ్లోబ్స్ వాళ్లు సినిమాని కామెడీ విభాగంలో వేసి నవ్వులపాలయ్యారు. నవ్వు నాలుగు విధాల చేటు అంటే ఇదేనేమో.

2019 మార్చిలో అస్. ఖర్చు 2 కోట్ల డాలర్లకి పెరిగింది, వసూళ్లు మళ్లీ 25 కోట్లు దాటాయి. ఒక కుటుంబం గుమ్మంలో అచ్చు వాళ్లలాగే ఉన్న ఇంకో కుటుంబం, చేతుల్లో కత్తెరలు. ఒక్కో నటుడిదీ రెండు పాత్రలు. ఒక వైపు తీసి, వేషం మార్చి, రెండో వైపు తీయాలి. అవతల మనిషి ఉన్నట్టు చూసే చూపు వేలెడు పక్కకి పోయినా మాయ తేలిపోతుంది. కథానాయిక లుపిటా న్యోంగో ఎక్కడా తప్పలేదు. కారులో కుటుంబమంతా ఊగుతూ పాడుకున్న 1995 నాటి పాటే చివర తీగల మీద నెమ్మదిగా మీటి భయంగా వినిపిస్తారు. సంగీతం మైకేల్ ఏబెల్స్‌ది. సినిమాలకి ఎన్నడూ చేయని ఈ స్వరకర్తని పీల్ యూట్యూబ్‌లో విని పిలిచి, గెట్ అవుట్ చేతిలో పెట్టాడు. ఆ గెట్ అవుట్ మొదట్లోనే స్వాహిలీలో పెద్దల మాట వినమని హెచ్చరించే పాట కట్టింది ఆయనే. అంతా బాగానే ఉంది గానీ, అస్ ఆఖర్లో ఆ రెండో మనుషులు బతికిన సొరంగాల లెక్కంతా ఒకావిడ చేత పాఠంలా చెప్పించేశాడు. జోకు వివరిస్తే చచ్చిపోతుందని ఇతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. భయమూ అంతేనని ఎందుకు మరిచాడో.

2022 జులైలో వచ్చిన నోప్ ఖర్చు 6.8 కోట్లు. వసూళ్లు 17 కోట్లు దాటినా, పెట్టుబడితో పోలిస్తే ముందు రెండింటి ఊపు లేదు. కానీ పని నేర్చుకునేవాళ్లు చూడవలసింది ఇదే. మన పాత సినిమాల్లో పట్టపగలు తీసి నీలిరంగు ఫిల్టరు వేసి రాత్రన్నారు. కోనసీమ తోటల్లో తీసినవైతే మోసం నేల మీదే దొరికిపోయేది. కొబ్బరిచెట్టు నీడ మొదట్లోనే ముడుచుకుని ఉందంటే మిట్టమధ్యాహ్నమని చిన్నపిల్లాడికీ తెలుసు. నోప్‌లో విశాలమైన లోయ, రాత్రి ఆకాశం, పైన ఏదో ఉంది. అంత లోయకి రాత్రిపూట దీపాలు పెట్టడం అయ్యే పని కాదు.

ఛాయాగ్రాహకుడు హోయ్టే వాన్ హోయ్టెమా రెండు కెమెరాలని త్రీడీ సినిమాలకి వాడే చట్రానికి బిగించాడు. మధ్యలో సగం వెలుగుని ఇటూ సగాన్ని అటూ పంపే అద్దం. ఒకటి 65 మిల్లీమీటర్ల రంగు ఫిల్ము. రెండోది పరారుణ కిరణాల్ని మాత్రమే చూసేట్టు మార్చిన డిజిటల్ కెమెరా. పరారుణంలో నీలాకాశం నల్లగా పడుతుంది, పట్టపగలే రాత్రవుతుంది. కానీ అదొక్కటే వాడితే ఆకులు మంచు పడ్డట్టు తెల్లబడతాయి, చర్మం పాలిపోయి మైనంలా ఉంటుంది. అందుకని చీకటి దాన్నుంచి, రంగులు, వివరాలు ఫిల్ము నుంచి తీసుకుని రెండు బొమ్మల్నీ ఒకదాని మీద ఒకటి పరిచారు. రెండు కెమెరాల చూపూ వెంట్రుకవాసి తప్పినా అంచులు రెండుగా చీలతాయి. రాత్రి లోయలో కళ్లు చీకటికి అలవాటుపడ్డాక మనకి ఎంత కనపడుతుందో అంతే కనపడుతుంది ఆ సినిమాలో. అమావాస్యనాడు లంకల్లో నడిచినవాళ్లకి ఆ చీకటి తెలుసు.

అందులోనే ఒక నవ్వుల టీవీ కార్యక్రమం సెట్టు ఉంటుంది. జనం చప్పట్లు కొట్టే చోటు. గార్డీ అనే చింపాంజీ బుడగలు పేలిన శబ్దానికి బెదిరి, తోటి నటుల మీద పడుతుంది. నటించే పిల్లాడొకడు బల్ల కింద దాక్కుంటాడు. కెమెరా ఆ పిల్లాడి పక్కనే ఉంటుంది. వాడికీ ఆ జంతువుకీ మధ్య బల్ల మీంచి వేలాడే సన్నటి గుడ్డ ఒక్కటే. చింపాంజీ దగ్గరకొస్తుంది, గుడ్డ అవతల ఆకారం మసకగా పెరుగుతుంది. ఇద్దరి కళ్లూ నేరుగా కలవవు. నవ్వించడం వృత్తిగా పదిహేనేళ్లు బతికినవాడు తీసిన అతి భయంకరమైన సీను ఇదే అనిపిస్తుంది, అదీ నవ్వుల సెట్టులో. మాధవపట్నం ఆటవాళ్లు చూస్తే ఆ గుడ్డ మందం ఎంతని అడిగేవారు.

అదే ఏడు అక్టోబరులో నెట్‌ఫ్లిక్స్‌లో ఇంకొకటి వచ్చింది, వెండెల్ అండ్ వైల్డ్. దర్శకత్వం హెన్రీ సెలిక్‌ది, రచనలో పీల్ భాగస్వామి. బొమ్మని వెంట్రుకంత కదిపి ఒక ఫొటో, మళ్లీ కదిపి ఇంకొకటి, అలా ఫొటోలు పేర్చి నడిపించే స్టాప్‌మోషన్ సినిమా. ఇద్దరు దెయ్యం అన్నదమ్ములు, పాతాళంలోంచి పైకొచ్చి అల్లరి చేస్తారు. వెండెల్‌కి గొంతిచ్చింది కీ. వైల్డ్‌కి పీల్. రాక్షసుడూ పోలిగాడూ ఒకే బొమ్మ, ఈసారి.